తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారికి గ్రూప్ థెరపీ: జిల్లా ఆసుపత్రిలో మొదలుపెట్టాలంటే ఎలా?

ఓరుగల్లు_పీఎస్‌డబ్ల్యూ అడిగారు:

జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగంలో వారానికి ఒక మధ్యాహ్నం గ్రూప్ పెట్టాలని అనుకుంటున్నాం. నేను ఇక్కడ సైకియాట్రిక్ సోషల్ వర్కర్ (పీఎస్‌డబ్ల్యూ). నాతో పాటు ఒక స్టాఫ్ నర్సు ఉంటారు. రాబోయేవాళ్లంతా 20 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లు. ఎక్కువమందికి స్కిజోఫ్రీనియా, కొందరికి బైపోలార్ (ఒకసారి అతి ఉత్సాహం, ఒకసారి కుంగుబాటు వచ్చే జబ్బు). ఏడాదికి పైగా మందులు సరిగ్గా వాడుతున్నారు, గొంతులు వినిపించడం, అనుమానాలు చాలావరకు తగ్గాయి. కానీ పొద్దున లేచి తిని పడుకోవడం తప్ప ఇంకేమీ లేదు. ఇంటివాళ్లు "జబ్బు తగ్గింది కదా, ఇంకా ఈ బద్ధకం ఏమిటి" అంటున్నారు.

ఇది జబ్బు గురించి పాఠం చెప్పే గ్రూప్ కాకూడదు, బతుకు కాస్త బాగుందనిపించేలా చేసేది కావాలి. అలాగని "సంతోషంగా ఉండండి" అని ఉపన్యాసం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఎంతమంది ఉండాలి, ఎంతసేపు ఉండాలి, ఏ వారం ఏం చేయాలి, ఎక్కడ తప్పుతుంది? ఇలాంటివి నడిపినవాళ్లు వివరంగా చెప్పగలరా?

---

సైకాలజిస్ట్_విశాఖ:

ముందుగా ఆ "బద్ధకం" గురించి. మీరు చేయబోయే పనంతా దాని మీదే నిలబడుతుంది.

స్కిజోఫ్రీనియాలో ఆనందం అనుభవించే శక్తి పూర్తిగా పోతుందని చాలాకాలం నమ్మారు. అమెరికాలో ఆన్ క్రింగ్‌తో కలిసి పనిచేసిన పరిశోధకులు 2007లో ఈ విషయాన్ని రెండుగా విడదీసి చూపించారు. ఒక పని చేస్తున్నప్పుడు కలిగే ఆనందం వీళ్లలో చాలావరకు మిగిలే ఉంటుంది. దెబ్బతినేది "అది చేస్తే బాగుంటుంది" అని ముందుగా అనిపించే భాగం. చెల్లెలి ఇంటికి వెళ్లాలని అనిపించదు, వెళ్లాక మాత్రం బాగానే ఉంటుంది, వచ్చే నెల మళ్లీ వెళ్లాలని అనిపించదు. దీన్ని ఇంటివాళ్లు మొండితనం అనుకుంటారు.

కాబట్టి "ఈ వారం మీకు నచ్చిన పని ఒకటి చేసి రండి" అని ఇంటికి పంపితే ఎవరూ చేయరు. దెబ్బతిన్న భాగంతోనే పని చేయమన్నట్టు అవుతుంది. మంచి అనుభవం అన్నది గదిలోనే, మీ కళ్ల ముందే జరగాలి. ఇంటికిచ్చే పని దాని కొనసాగింపుగా మాత్రమే ఉండాలి.

ఇక ఏర్పాట్లు. పదిమందిని తీసుకోండి, నికరంగా ఆరుగురో ఏడుగురో నిలుస్తారు. పన్నెండు దాటితే మాట్లాడనివాళ్లు పూర్తిగా గోడకు ఆనుకుపోతారు. నలుగురికి తగ్గితే మాట్లాడాల్సిన బరువు ఒక్కొక్కరి మీదా ఎక్కువ పడి వచ్చే వారం మానేస్తారు. మొదటి రెండు వారాల తర్వాత కొత్తవాళ్లను చేర్చకండి. నడిపేవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. ఎవరైనా లేచి బయటికి వెళ్తే ఒకరు వెంట వెళ్లాలి, ఒకరు లోపల ఉండాలి.

సమయం 75 నిమిషాలు చాలు. వచ్చి కూర్చోవడానికి, పేర్లు చెప్పుకోవడానికి 10, పోయిన వారం ఏం చేశామో గుర్తుచేయడానికి 10, అసలు పనికి 25, టీకి 10, ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవడానికి 15, కార్డు మీద ఇంటిపని రాసుకోవడానికి 5. ఈ వరుస ప్రతి వారం ఒకేలా ఉండాలి. మనకు విసుగ్గా అనిపిస్తుంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతిన్నవాళ్లకు తర్వాత ఏం జరగబోతోందో తెలిసి ఉండటమే ధైర్యం. బోర్డు మీద ఆ ఆరు అంశాలు రాసి, అయిపోయినదాన్ని కొట్టేస్తూ పోండి.

తీసుకోకూడనివాళ్లు: ప్రస్తుతం మేనియాలో (అదుపులేని అతి ఉత్సాహ దశలో) ఉన్నవాళ్లు, ఆత్మహత్య ఆలోచన బలంగా ఉన్నవాళ్లు, తాగి వచ్చేవాళ్లు, రెండు వాక్యాలు కలిపి చెప్పలేనంతగా మాట చెదిరిపోతున్నవాళ్లు. వీళ్లకు "వద్దు" అనకండి, "తర్వాతి బ్యాచ్‌లో" అనండి. ఎంపికకు ముందు ఒక్కొక్కరితో అరగంట విడిగా మాట్లాడి తీరాలి. ఆ అరగంట మాట్లాడకుండా చేర్చినవాళ్లే ఎక్కువగా మధ్యలో మానేస్తారు.

---

వార్డు_సిస్టర్:

సైకాలజిస్ట్ గారు చెప్పినవన్నీ సరే. మందుల సంగతి చూసుకోకపోతే అవేవీ నిలబడవు. నేను ఆ భాగం చెప్తాను.

గ్రూప్‌ను డిపో ఇంజెక్షన్ (ఒకసారి వేస్తే వారాల తరబడి పనిచేసేది) రోజున పెట్టండి. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ లాంటివి రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తాం కాబట్టి కనీసం ఆ రోజు రావడం ఖాయం. ఓపీ టోకెన్‌కీ గ్రూప్‌కీ వేర్వేరు రోజులు పెడితే రెండోది ఎగ్గొడతారు. ఒలాంజపైన్, క్లోజపైన్ రాత్రి వేసుకున్నవాళ్లు పదకొండింటి వరకు మత్తుగానే ఉంటారు, మధ్యాహ్నం రెండు మంచి వేళ. కానీ ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని ముగింపు వేళ పెట్టండి. ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మగవాళ్లకే ఛార్జీ అడ్డం, వాళ్లు డబ్బులు లేవని చెప్పుకోలేక "ఒంట్లో బాగాలేదు" అంటారు.

కాళ్లు ఆడిస్తూ, రెండు నిమిషాలకోసారి లేచి తిరిగేవాళ్లు కనబడితే గ్రూప్ నచ్చలేదని అనుకోవద్దు. అది అకథీసియా అయి ఉండొచ్చు, మందు వల్ల లోపల కుదురు లేకపోవడం. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వాడేవాళ్లలో చూస్తాం. వెనక నడవడానికి చోటు వదిలి "నడుస్తూ వినొచ్చు" అని మొదటి రోజే అందరికీ చెప్పండి. అదే రోజు డాక్టరు చెవిన వేయండి. డోసు మార్చో, వేరే మందు కలిపో తగ్గించగలరు. దాన్ని వదిలేయడం ప్రమాదం, ఆ యాతన భరించలేక ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు వచ్చేవాళ్లున్నారు.

మందుల వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి ట్రైహెక్సిఫెనిడిల్ వేసుకునేవాళ్లకు నోరు ఎండుతుంది, దగ్గరి అక్షరాలు మసకబారతాయి. చేతికిచ్చే కాగితంలో అక్షరాలు పెద్దవిగా ఉండాలి. లేదా మీరే చదివి వినిపించండి. "చదువు రాదు" అని నోట్‌లో రాసేముందు అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో అడగండి.

గదిలో నీళ్లు తప్పనిసరి. లిథియం (బైపోలార్‌కు ఇచ్చే మందు) మీద ఉన్నవాళ్లు ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగితే రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది. ఎండలో నడక, తోటపని లాంటివి మార్చి నుంచి జూన్ దాకా పెట్టొద్దు. చెయ్యి బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం కనిపిస్తే ఆ రోజే రక్తపరీక్ష. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని వేసుకుంటున్నారేమో కూడా కనుక్కోండి, వాటితోనూ లిథియం పెరుగుతుంది.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. మన ఆసుపత్రుల్లో ఈ పేషెంట్లను ఎంత వయసున్నా "నువ్వు, ఏమ్మా, ఇటు రా" అంటాం. గ్రూప్ గదిలో అటెండర్ దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ "మీరు", పేరు పక్కన "గారు" అనాలి. మేం బల్ల వెనక, వాళ్లు బెంచీ మీద అన్న కూర్చునే తీరు కూడా పోవాలి. అందరికీ ఒకే రకం కుర్చీలు వేసి, మధ్యలో ఎడం వదిలి, గుండ్రంగా పెట్టండి. తలుపు మూయండి కానీ గడియ పెట్టకండి. అనుమానాలు ఉన్నవాళ్లకు తలుపు దగ్గరి కుర్చీ ఇవ్వండి. గ్రూప్ నడుస్తుండగా నోట్స్ రాయకండి, ఫోను చేతిలోకి తీయకండి. "నా గురించే రాస్తున్నారు" అన్న ఆలోచనకు మనమే ఆధారం ఇచ్చినట్టు అవుతుంది.

---

ఓరుగల్లు_పీఎస్‌డబ్ల్యూ:

సిస్టర్ గారూ, ఇంజెక్షన్ రోజు సంగతి మాకు తట్టనే లేదు, చాలా థ్యాంక్స్. ఇంకో నాలుగు విషయాలు. గదిలో చేయించే పనులు సరిగ్గా ఏవి? "ఈ వారం నాకు మంచి ఏదీ జరగలేదు" అని ఎవరైనా అంటే? మధ్యలో "టీవీలో నా గురించే చెప్తున్నారు" అని మొదలుపెడితే? ఇంటివాళ్లు మేమూ కూర్చుంటాం అంటే?

---

ఓటీ_గుంటూరు:

నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని (ఓటీ) కాబట్టి పనుల గురించి నేను చెప్తాను, మిగతావి సైకాలజిస్ట్ గారు చూస్తారు.

లండన్ కింగ్స్ కాలేజీలో సైకోసిస్ (గొంతులు వినిపించడం, భ్రమలు) ఉన్నవాళ్ల కోసం 'వెల్‌ఫోకస్' అని 11 సెషన్ల గ్రూప్ తయారుచేశారు. మంచిని నిదానంగా ఆస్వాదించడం, జరిగిన మంచిని గుర్తించడం, తమ బలాలు తెలుసుకోవడం, క్షమ, కృతజ్ఞత, చివర్లో చిన్న వేడుక, మధ్యమధ్య ఫోన్‌కాల్స్. ఆ వరుస మనకూ పనికొస్తుంది, లోపలి సరుకు మాత్రం మార్చుకోవాలి.

మొదటి వారం పరిచయం. రెండో వారం కమలాపండు. ఒక్కొక్కరికి ఒక పండు. చేతిలో పట్టుకుని బరువు చూడటం, తొక్క తీసేటప్పుడు వచ్చే వాసన, తొన మీది నారలు, ఒక్క తొన నోట్లో పెట్టుకుని వెంటనే నమలకుండా ఉండటం. మీరు నిదానంగా చెప్తూ ఉంటే పది నిమిషాలు పడుతుంది. పల్లీ పట్టీ, బిస్కెట్, మురుకులు వద్దు. నోరు ఎండేవాళ్లకు పొడి పదార్థం దిగదు, పైగా ఈ మందుల వల్ల మింగడం ఇబ్బందై గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి మిఠాయిలు మానండి.

అసలు కిటుకు పండులో లేదు. తొక్క తీయకముందే "ఇది ఎంత బాగుంటుందనుకుంటున్నారు, సున్నా నుంచి పదిలో?" అని అడిగి కార్డు మీద రాయించండి. తిన్నాక మళ్లీ అడగండి. ముందు 3, తర్వాత 6 రాసిన మనిషికి తన మనసు తనకు తక్కువ చెప్తోందని తన చేతిరాతలోనే కనబడుతుంది. ఈ రెండు అంకెల పద్ధతిని అన్ని వారాలూ అన్ని పనులకూ కొనసాగించండి. రెండో అంకె తగ్గినవాళ్లతో వాదించకండి, "ఈ రోజు అలా ఉంది" అని రాసుకుని ముందుకెళ్లండి.

మూడో వారం సంగీతం, మూడు నుంచి ఐదు నిమిషాలు. వేణువు, వీణ లాంటి మాటలు లేని వాద్యం మంచిది. భక్తి పాట పెట్టకండి. దేవుడి మీద భ్రమలు ఉండి తగ్గినవాళ్లుంటారు, వేరే మతంవాళ్లూ ఉంటారు. సినిమా పాటకు ఒక్కొక్కరికి ఒక్కో జ్ఞాపకం, కొన్ని బాధపెట్టేవి. స్పీకర్ సౌండ్ తక్కువగా ఉంచండి.

నాలుగో వారం నుంచి "జరిగిన ఒక మంచి". మూడు కాదు, ఒక్కటే. మూడు అడిగితే రెండోదానికే ఓడిపోయిన భావన వస్తుంది.

ఐదు, ఆరు వారాలు బలాలు. పుస్తకాల్లో ఉండే 24 బలాల పట్టిక ఇవ్వకండి, అంత పొడుగు చదవలేరు. బొమ్మలతో ఎనిమిదో పదో కార్డులు చేయించండి: ఓపిక, నిజాయతీ, పిల్లలతో కలిసిపోవడం, మొక్కలు చూసుకోవడం, వంట, జాలి, నవ్వించడం, లెక్కలు. "నాలో ఏమీ లేదు" అనే మాట తప్పకుండా వస్తుంది. అప్పుడు పొగడొద్దు, "చివరిసారి ఇది ఎప్పుడు చేశారు?" అని అడగండి. మేకకు నీళ్లు పెట్టానన్నా చాలు. ఈ ప్రశ్నే బైపోలార్ వాళ్లు "నాకు అన్ని బలాలూ ఉన్నాయి" అన్నప్పుడూ నేల మీదికి తెస్తుంది.

ఏడో వారం అందరూ కలిసి చేసే ఒక పని. నిమ్మరసం, ఉప్మా, రంగు కాగితాల తోరణం ఏదైనా. ఎవరి బలం ఏదో ఆ పని వాళ్లకు. కూరగాయలు ముందే తరిగి తెచ్చుకోండి, గదిలో కత్తి వద్దు.

ఇంటిపని పోస్టుకార్డు సైజు అట్ట మీద ఒకే వాక్యం: ఏం, ఎప్పుడు, ఎవరితో. "మంగళవారం సాయంత్రం టీ తాగాక అక్కతో వాకిట్లో కూర్చోవడం." రాయలేనివాళ్లకు బొమ్మ. వారం మధ్యలో రెండు మూడు నిమిషాల ఫోన్ చేయండి, అది గుర్తుచేయడానికే. చేయకపోతే ఎందుకని అడగకండి.

---

సైకాలజిస్ట్_విశాఖ:

"మంచి ఏదీ జరగలేదు" అన్నప్పుడు పక్కవాళ్లు వెంటనే "అలా అనకండి, ఉండే ఉంటుంది" అంటారు. అది ఆపండి. "వారమంతా ఏదీ లేకపోవడం కష్టమే" అని ముందు ఒప్పుకోండి. తర్వాత ప్రశ్నను చిన్నది చేయండి: "ఇవాళ పొద్దున్నుంచి, మిగతా సమయం కంటే కాస్త తక్కువ కష్టంగా గడిచిన ఐదు నిమిషాలు ఉన్నాయా?" బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని చెప్తారు. అదీ లేదంటే వదిలేసి తర్వాతివారి దగ్గరికి వెళ్లండి. రెండు వారాలు వరసగా ఇదే జవాబు వస్తే అది గ్రూప్ విషయం కాదు, డిప్రెషన్ కోసం విడిగా చూడాలి.

టీవీ మాటకు వాదన వద్దు, ఒప్పుకోలూ వద్దు. "మీకు అలా అనిపించడం భయంగా ఉంటుంది. ఇప్పుడు ఇక్కడ కూర్చోగలరా, కాసేపు బయట కూర్చుంటారా?" అనండి. సిస్టర్ గారు పక్క కుర్చీలోకి మారితే చాలాసార్లు అదే సరిపోతుంది. గొంతులు వినబడుతున్నాయంటే, అవి వచ్చినప్పుడు మీరేం చేస్తారని మిగతావాళ్లను అడగవచ్చు. కూనిరాగం తీయడం, పైకి చదవడం, ఎవరితోనైనా మాట కలపడం లాంటి ఉపాయాలు సభ్యుల నోటి నుంచి వస్తే మనం చెప్పినదానికంటే బాగా తీసుకుంటారు. ఐదు నిమిషాలు దాటనివ్వకండి, గ్రూప్ మొత్తం భ్రమల చర్చగా మారిపోతుంది.

ఇంటివాళ్లు లోపల వద్దు. వాళ్లుంటే సభ్యుడి బదులు వాళ్లే జవాబు చెప్తారు, "సార్ ఇంట్లో ఏ పనీ చేయడు" అని ఫిర్యాదు మొదలవుతుంది. వాళ్లకు నెలకోసారి విడిగా గంట పెట్టండి. నేను పైన రాసిన ముందస్తు ఆనందం సంగతి ఆ గంటలో వివరించండి. ఇంట్లో దెప్పిపొడుపు, అతిగా కనిపెట్టుకుని ఉండటం ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని ఎన్నో దేశాల్లో చూశారు. ఒక్క "బద్ధకం" అన్న మాట ఆ ఇంట్లో ఆగిపోయినా మీ గ్రూప్‌కు సగం బలం.

ఓటీ గారి వరుసలో ఒక్కదానితో నేను ఏకీభవించను: క్షమ. మన దగ్గర ఆ వారం తీసేయండి. అత్తింట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు, గొలుసులతో కట్టేయించుకున్నవాళ్లు గ్రూప్‌లో ఉంటారు. తమను కొట్టినవాళ్లను, కట్టేసినవాళ్లను క్షమించమని ఆసుపత్రి వీళ్లను అడగకూడదు.

---

ఓటీ_గుంటూరు:

ఆ భయం సరైనదే. కానీ మొత్తం తీసేయడం కంటే అంశాన్ని తగ్గించడం మేలనుకుంటాను. "ఎవరైనా మీ కాలు తొక్కితే, చిల్లర తక్కువ ఇస్తే, దాన్ని ఎంతసేపు మోస్తారు?" అన్న స్థాయి చిన్న కోపాలే. అసలు పెద్ద గాయాలు గ్రూప్‌లోకి తేవద్దని ముందే చెప్పాలి. ఇద్దరు నడిపేవాళ్లలో ఒక్కరికైనా అలాంటి గాయాలతో పనిచేసిన అనుభవం లేకపోతే మాత్రం మీరన్నట్టే ఆ వారం వదిలేయడం మంచిది.

---

సైకియాట్రిస్ట్_సీమ:

కొలవడం, భద్రత, పరిమితులు. ఈ మూడే చెప్తాను.

కొలవడానికి డబ్ల్యూహెచ్‌ఓ-5 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి మానసిక శ్రేయస్సు ప్రశ్నావళి) చాలు. గత రెండు వారాల గురించి ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే 100కు వస్తుంది. 50 కంటే తక్కువైతే డిప్రెషన్ కోసం చూడాలి. 10 పాయింట్ల మార్పును లెక్కలోకి తీసుకోవచ్చు. మొదట్లో, ముగిశాక, మళ్లీ మూడు నెలలకు తీసుకోండి. గ్రూప్ నడిపేవాళ్లు అడగకూడదు, మొహమాటానికి ఎక్కువ మార్కులు వేస్తారు. బైపోలార్ ఉన్నవాళ్లకు ప్రతిసారీ నిద్ర గంటలు కూడా అడగండి. మార్కు 96కు ఎక్కి, నిద్ర నాలుగు గంటలకు తగ్గి, మాట వేగం పెరిగితే అది గ్రూప్ విజయం కాదు, మేనియా మొదలవుతోంది. ఈ కారణం వల్లనే కొందరు రెండు జబ్బుల వాళ్లను కలపొద్దంటారు. జిల్లా స్థాయిలో రెండు గ్రూపులు పెట్టేంతమంది ఉండరు, కలపండి, కానీ నిద్ర అడగడం మానకండి.

వెల్‌ఫోకస్ ఫలితం కూడా తెలిసి ఉండాలి. 2016లో వెలువడిన ఆ ట్రయల్‌లో 94 మంది ఉన్నారు. ప్రధానంగా కొలిచిన శ్రేయస్సు స్కోరులో, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జబ్బు లక్షణాలు, డిప్రెషన్ మాత్రం తగ్గాయి. కాబట్టి పదకొండు వారాల్లో బతుకు మారిపోతుందని ఇంటివాళ్లకు మాట ఇవ్వకండి. కొందరు బాగున్నామనిపించుకుని మందులు ఆపేస్తారు. ఇది మందులకు అదనం మాత్రమే అని మొదటి వారం, ఆరో వారం, చివరి వారం చెప్పండి.

గోప్యత: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మనల్ని కట్టేస్తుంది, సభ్యులను కాదు. అందుకే "ఇక్కడ విన్నది బయట చెప్పను" అని సభ్యుల చేతా మొదటి రోజే అనిపించండి. చిన్న జిల్లాలో ఒకే ఊరివాళ్లు, చుట్టాలు ఒకే బ్యాచ్‌లో పడతారు. ముందు మాట్లాడే అరగంటలో ఊరి పేరు అడిగి వేరుచేయండి. వాట్సాప్ గ్రూప్ పెట్టొద్దు. ఇంటివాళ్ల ఫోన్లలో అందరి పేర్లూ బయటపడతాయి.

చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే గ్రూప్ ముందు విచారించకండి. ఒకరు పక్కకు తీసుకెళ్లి ఎలా, ఎప్పుడు అనుకుంటున్నారో సూటిగా అడగాలి. ఆలోచనకు ఏర్పాటు తోడైతే ఆ రోజు డాక్టరును చూడకుండా ఇంటికి పంపకూడదు. ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు ఎక్కడున్నాయో ఇంటివాళ్లతో మాట్లాడి తీయించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, ప్రతి కార్డు వెనక అచ్చు వేయించండి.

ఇంకో మాట. తినడానికి కష్టంగా ఉన్న మనిషిని కృతజ్ఞత గురించి రాయమంటే అది అవమానంలా తగులుతుంది. మొదటి వారమే ఎవరికి వైకల్య ధ్రువపత్రం ఉందో లేదో చూడండి. మానసిక వ్యాధికి ఐడియాస్ అనే వైకల్యం కొలిచే స్కేలు మీద స్వీయ సంరక్షణ, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని అనే నాలుగు అంశాలతో పాటు జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కూడా చూసి శాతం వేస్తారు. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువైతే పింఛనుకు దారి దొరుకుతుంది. ఈ కాగితాలన్నీ మీ పీఎస్‌డబ్ల్యూలకు కొట్టినపిండి, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే క్యాంపు తేదీ గ్రూప్ బోర్డు మీదే రాయండి.

---

ఓరుగల్లు_పీఎస్‌డబ్ల్యూ:

అందరికీ ధన్యవాదాలు. నిద్ర గంటలు, రెండు అంకెల కార్డు, ఊరి పేరు అడగడం ప్లాన్‌లో చేర్చాను. క్షమ వారం తీసేసి ఆ రోజు కూడా కలిసి చేసే పనే పెడుతున్నాం. చివరి ప్రశ్న: ముగిశాక ఏం చేయాలి?

---

వార్డు_సిస్టర్:

ఒక్కసారిగా ఆపొద్దు. ఎనిమిదో వారం నుంచే "ఇంకా మూడు ఉన్నాయి, రెండు ఉన్నాయి" అని బోర్డు మీద రాస్తూ రండి. చివరి రోజు వేడుకకు వాళ్ల కార్డులన్నీ ఒక దారంతో కట్టి చేతికివ్వండి. తర్వాత ఆరు నెలల పాటు నెలకోసారి, అదే గది, అదే వేళ, ఇంజెక్షన్ రోజునే. మొదటి నెల రానివాళ్లకు ఆ వారంలోనే ఫోన్ చేయండి, రెండో నెలా రాకపోతే మందులు తీసుకెళ్లారో లేదో ఫార్మసీ రిజిస్టర్‌లో చూసి, తీసుకోకపోతే ఆశా కార్యకర్త ద్వారా కబురు పంపండి. ఆ కబురు ఎలా పంపాలో చేర్చుకునేటప్పుడే వాళ్లను అడిగి రాసుకోండి. ఊళ్లో తెలియకూడదని కొందరు ఆశాను వద్దంటారు, వాళ్లకు ఇంటివాళ్ల నంబరు ఒకటి చాలు.